పాత శ్లాబు ముక్కలతో పెరటి అడ్డుగోడ: వానలకు ముందే చూసుకోవాల్సినవి

విశాఖలో కొండవాలున ఇల్లున్నవాళ్లకు పెరటి మట్టి వానకు జారడం కొత్తేమీ కాదు. కూల్చిన ఇళ్ల శ్లాబు ముక్కలు, పాత ఇటుకలు దాదాపు ఊరికే దొరుకుతాయి కాబట్టి వాటితోనే అడ్డుగోడ కట్టేద్దామనిపిస్తుంది. కట్టుకోవచ్చు. కాకపోతే జూన్‌లో నైరుతి వానలు రాకముందే పని ముగించాలి. సగం తవ్వి వదిలేసిన గట్టు వానలో అన్నిటికన్నా ప్రమాదం.

పాత సామాను ఆగుతుందా అన్నదే అందరి అనుమానం. నిజానికి గోడను ఎక్కువగా తోసేది వెనక నిలిచే నీరు. నా మొదటి గోడ మూడడుగులే. సందులన్నీ సిమెంటుతో మూయించి, పైన నున్నగా పూత పెట్టించాను. అక్టోబరు వాయుగుండానికి ఒక్క రాత్రిలో మధ్యన పొట్టలా ఉబ్బింది. మేస్త్రీని అనడానికి లేదు, రంధ్రాలు వదులుతానంటే అందం పోతుందని వద్దన్నది నేనే.

సిమెంటు లేకుండా పేర్చిన గోడలో నీరు సందుల్లోంచి పోతుంది. సిమెంటుతో కడితే మాత్రం అడుగున, నాలుగైదు అడుగులకొకటి చొప్పున రెండంగుళాల పీవీసీ పైపు ముక్కలు బయటికి కాస్త వాలుగా పెట్టించండి. వెనక అడుగు మందాన కంకర పోయాలి. కంకరకీ మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ వేస్తే బురదతో పూడిపోదు. డాబా నీటి గొట్టం ఆ వైపు వదలకండి.

ఎత్తు రెట్టింపైతే మట్టి తోపు నాలుగు రెట్లవుతుంది. అందుకే మూడడుగులు దాటినా, పైన కారు పెట్టే చోటో ఇంటి పునాదో ఉన్నా ఇంజనీరుకు చూపించాల్సిందే. చిన్న గోడకైనా కింద వెడల్పు ఎత్తులో సగం ఉండాలి, ఎత్తులో అడుగుకో అంగుళం చొప్పున మట్టివైపు వాలాలి. పెద్ద ముక్కలు కింద వేసి, అతుకు మీద అతుకు రాకుండా చూసుకోండి.

సామాను ఏరుకునేటప్పుడు ఆస్బెస్టాస్ రేకుల ముక్కలు అసలు ముట్టుకోవద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పాత రైల్వే చెక్క స్లీపర్లకు పుచ్చకుండా క్రియోసోట్ అనే విషపు నూనె పట్టించి ఉంటుంది, కూరమొక్కల దగ్గర వద్దు. టైర్లు వాడితే లోపలంతా మట్టి దట్టంగా కూరాలి, లేకపోతే నీరు నిలిచి డెంగీ దోమలు పెరుగుతాయి. శ్లాబు ముక్కల్లోంచి పొడుచుకొచ్చిన చువ్వలు ముందే కోయించండి. కుప్పలో చెయ్యి పెట్టేముందు పలుగుతో కదపండి, తేళ్లుంటాయి. నిట్టనిలువుగా తవ్విన గట్టు కింద మాత్రం ఎవరినీ కూర్చోనివ్వద్దు.

మొదటి పెద్ద వాన మర్నాడు వెళ్లి చూడండి. రంధ్రాల్లోంచి బురదనీరు వస్తుంటే మట్టి కోసుకుపోతున్నట్టు. గోడ వెంబడే పైన మట్టి పొడవునా పగిలితే, పిల్లల్ని అటు వెళ్లనివ్వకుండా ఆ రోజే ఇంజనీరుకు ఫోన్ చేయండి.