రేడియేషన్ అయ్యాక పొడిదగ్గా? ముందు ఆ సంగతి చెప్పండి

రొమ్ముకో ఊపిరితిత్తికో రేడియేషన్ ముగిసి రెండు నెలలవుతుంది. పొడిదగ్గు, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం, ఎక్స్‌రేలో మచ్చ. తెమడలో క్రిమి కనపడకుండానే టీబీ మాత్రలు మొదలవుతాయి. ఈ వరస ఈమధ్య మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. తీరా చూస్తే అది రేడియేషన్ న్యుమోనైటిస్, అంటే కిరణాల వల్ల ఊపిరితిత్తికి వచ్చే వాపు. రేడియేషన్ సంగతి కొత్త డాక్టరుకు ఎవరూ చెప్పరు, చిక్కంతా అక్కడే. ‘కరెంటు పెట్టించుకున్నాం’ అన్నా చాలు, కానీ చెప్పాలి.

ఎప్పుడు, ఎందుకు

చివరి సిట్టింగ్ తర్వాత 1 నుంచి 3 నెలల్లో ఎక్కువగా వస్తుంది. ఆరు నెలల దాకా కనిపెట్టుకుని ఉండాలి. కిరణాలకు దెబ్బతిన్న కణాల పిలుపుతో రక్షణ కణాలు వచ్చిపడి ఊపిరితిత్తిని వాచేలా చేస్తాయి. ఇందులో క్రిమి లేదు, అందుకే యాంటీబయాటిక్ కోర్సులు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు. మొదట్లో ఎక్స్‌రే శుభ్రంగా ఉండొచ్చు, సీటీలోనే బయటపడుతుంది. మామూలుగా కిరణాలు పడ్డంత మేరే గీత గీసినట్టు మచ్చ ఉంటుంది. రొమ్ము రేడియేషన్ తర్వాత మాత్రం ఒక్కోసారి అవతలి ఊపిరితిత్తిలోనూ వస్తుంది. కాబట్టి ‘అటువైపు ఇవ్వలేదుగా’ అని ఊరుకోవద్దు, చెప్పండి.

స్టెరాయిడ్ మొదలుపెడితే

ముందు తెమడ పరీక్ష, సీబీనాట్ (తెమడలో టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) చేయించాలి. నిజంగా టీబీ ఉండి స్టెరాయిడ్ పడితే అది విజృంభిస్తుంది. టీబీ కాదని మీరే తేల్చేసి మాత్రలు ఆపకండి. ప్రెడ్నిసొలోన్ సాధారణంగా కిలో బరువుకు 1 మి.గ్రా. లెక్కన రెండు వారాలు ఇచ్చి, తర్వాత 6 నుంచి 12 వారాల్లో మెల్లగా తగ్గిస్తారు. దగ్గు కొద్దిరోజుల్లోనే తగ్గిందని మధ్యలో మానేస్తే వాపు తిరగబెడుతుంది. రోజుకు 20 మి.గ్రా. పైన నెల దాటేలా ఉంటే కోట్రైమాక్సజోల్ (స్టెరాయిడ్ వాడేటప్పుడు ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే మందు) అవసరమా అని అడగండి. షుగర్ చూసుకోండి.

ఇక మిగతావి:

- ఏ భాగానికి, ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత), ఎన్ని సిట్టింగులు, చివరి తేదీ ఎప్పుడు: ఈ వివరాలున్న డిశ్చార్జి సమ్మరీ ఫొటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి.
- నెయిల్ పాలిష్, నల్ల మెహందీ లేని వేలికి ఆక్సీమీటర్ పెట్టి ఆరు నిమిషాలు మామూలుగా నడవండి. కూర్చున్నప్పుడు 97 ఉన్నది 92కి పడితే అక్కడే ఆపి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.
- కూర్చున్నా ఆయాసమైతే ఈ నడక పరీక్షే వద్దు. నేరుగా ఎమర్జెన్సీకి.
- బీడీ, సిగరెట్ బంద్.
- ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ మాత్రలు ముట్టుకోకండి.
- డర్వాలుమాబ్ లాంటి ఇమ్యూనోథెరపీ (రక్షణ కణాలను క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే మందు) నడుస్తుంటే దగ్గు గురించి డోసుకు ముందే చెప్పండి. వేయించుకున్నాక కాదు.
- డోసిటాక్సెల్, జెమ్‌సిటబిన్, డాక్సోరూబిసిన్ లాంటి కీమో మొదలయ్యాక పాత రేడియేషన్ చోటే చర్మం ఎర్రబడితే అది రేడియేషన్ రీకాల్. ఏళ్ల తర్వాతా రావచ్చు. పసుపు పట్టించొద్దు. మందు పేరు, ఎక్కించిన తేదీ రాసి తీసుకెళ్లండి.
- ఎమర్జెన్సీలో బీపీ చూసే నర్సుకైనా సరే, మొదటి మాటే ఇది: ‘ఛాతీకి రేడియేషన్ అయింది, ఫలానా తేదీకి పూర్తయింది.’