సోలార్ ఎవరిది బాగా పనిచేస్తోందో తేల్చే చిట్కా

మాది కావలి. మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్. ఎదురింటి బాబాయి వాళ్లది 5. "మాకు 17 యూనిట్లు, మీకు 12 ఏనా?" అని రోజూ ఒకటే పోలిక!

పొద్దుగూకాక ఇన్వర్టర్‌లో ఆ రోజు యూనిట్లు చూసి, ప్యానెళ్ల కిలోవాట్లతో భాగించండి. మాది 4, వాళ్లది 3.4. గ్రాఫ్ కాగితం మీద భాగిస్తే వచ్చిన ఆ లెక్కకే, ఒక్కో యూనిట్‌కు ఒక సెంటీమీటరు చొప్పున, రెండు రంగుల్లో పక్కపక్కనే గీతలు గీయండి. వారం గీస్తే చాలు.

బాబాయి వాళ్ల గీత రోజూ పొట్టిగానే ఉంది. మిద్దెక్కి చూస్తే మధ్యాహ్నం మూడింటికల్లా రెండు ప్యానెళ్ల మీద కొబ్బరి మట్టల నీడ. కొట్టించారు.

ఒకే ఊళ్లో, ఒకే రోజు లెక్కల్నే పోల్చాలి. నవంబరు ముసురు రోజుల్ని మే ఎండలతో పోలిస్తే ప్యానెళ్లు పాడయ్యాయని ఊరికే టెన్షన్ పడతారు.