ఆన్‌లైన్ వేలంలో అమ్ముతున్నారా? దొంగ కార్డు చెల్లింపులకు సరుకు పోగొట్టుకోకుండా ఉండటం ఎలా?

హైదరాబాద్ ముత్యాలు, నిజాం కాలం నాణేలు, కొండపల్లి బొమ్మలు, పట్టుచీరలు ఆన్‌లైన్ వేలం సైటు ఈబేలో విదేశాలకు అమ్మేవాళ్లు చాలామంది ఒకే చోట దెబ్బతింటున్నారు. వేలం పాట ముగిసి డబ్బు పడినట్టు కనిపించగానే పార్శిల్ కట్టేస్తారు. కార్డు డబ్బు ఖాతాలో కనిపించినంత మాత్రాన అది మీది కాదు. ‘ఈ ఖర్చు నేను చేయలేదు’ అని కార్డు యజమాని తన బ్యాంకుకు చెప్పుకోవడానికి వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. ఆయన చెప్పాడంటే బ్యాంకు ఆ సొమ్మును మీ దగ్గర్నుంచి వెనక్కి లాక్కుంటుంది. దాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. సరుకు, డబ్బు, పోస్టు ఖర్చు అన్నీ పోయాక పైన రుసుము కూడా పడవచ్చు.

మనవాళ్లు ఇందులో పడటానికి ఓటీపీ అలవాటు ఒక కారణం. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. ఆ నియమం మన దేశపు కార్డులకే. అమెరికా కార్డయితే చాలాచోట్ల నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు తెలిస్తే సరిపోతుంది. చెల్లింపు జరిగింది కాబట్టి ఎవరో సరిచూసే ఉంటారన్న ధీమా పెట్టుకోకండి.

1. పాట పెట్టకముందే

ఈబే సెట్టింగుల్లో కొనుగోలుదారుల షరతులు ఆన్ చేయండి. మీరు పంపని దేశాలవాళ్లను, పాట గెలిచి డబ్బు కట్టని చరిత్ర ఉన్నవాళ్లను అది ముందే ఆపేస్తుంది. సరుకును నాలుగు వైపులా ఫొటో తీసి, సీరియల్ నంబరుంటే రాసిపెట్టుకోండి. తూకం యంత్రం కొనండి. అంతే.

2. డబ్బు నిజంగా వచ్చిందా?

మెయిల్ చూసి నమ్మకండి. మెయిల్‌లోని లింకు నొక్కకుండా, బ్రౌజర్‌లో చిరునామా మీరే టైప్ చేసి ఖాతాలోకి వెళ్లి చూడండి. ‘మీ డబ్బు మా దగ్గర ఉంది, ట్రాకింగ్ నంబరు ఇస్తే విడుదల చేస్తాం’ అని ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ పేరుతో మెయిల్ వచ్చి, ఖాతాలో ఏమీ కనిపించకపోతే అది మోసం. ధర కన్నా ఎక్కువ కట్టి, మిగిలింది తన షిప్పింగ్ ఏజెంటుకు వెస్టర్న్ యూనియన్‌లో పంపమన్నా మోసమే. వెనక్కి ఇవ్వాల్సిన ప్రతి రూపాయీ వచ్చిన లావాదేవీ ద్వారానే వెళ్లాలి.

3. చిరునామా

మిగతావన్నీ సరిగా చేసినవాళ్లు కూడా ఇక్కడ పొరపాటు పడతారు. తొందర లేకుండా చదవండి.

నియమం ఒక్కటే: ఆర్డరు పేజీలో ఏ చిరునామా ఉందో అక్షరం మారకుండా అక్కడికే పంపాలి. ‘ఇల్లు మారుతున్నాను’, ‘మా తమ్ముడికి బహుమతి, అక్కడికి పంపండి’, ‘మా ఏజెంటు వచ్చి తీసుకుంటాడు’ అని డబ్బు కట్టాక సందేశం వస్తే, మాట ఎంత మర్యాదగా ఉన్నా ఒప్పుకోకండి. ఈబే అయినా పేపాల్ అయినా, వివాదం వచ్చినప్పుడు అమ్మకందారుకు రక్షణ ఇచ్చేది ఆ పేజీలోని చిరునామాకు చేరినట్టు రుజువుంటేనే. వేరే ఇంటికి పంపినరోజే ఆ రక్షణ పోయింది. కొనుగోలుదారు తానే పంపమని రాసిన సందేశం చూపించినా లాభం లేదు. ఆ సందేశం రాసింది దొంగే కదా.

మరి ఏం చేయాలి? ఆర్డరు రద్దు చేసి అదే లావాదేవీలో డబ్బు తిరిగిచ్చేయండి. ఖాతాలో చిరునామా మార్చుకుని మళ్లీ కట్టమని చెప్పండి. నిజమైన కొనుగోలుదారుకు ఇది పది నిమిషాల పని. దొంగ సాధారణంగా మళ్లీ కనిపించడు, లేదా గొడవకు దిగుతాడు. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇస్తానని బెదిరించినా లొంగకండి.

దారి మధ్యలో పార్శిల్‌ను మళ్లించడం ఇంకో ఎత్తు. సరైన చిరునామాకే పంపుతారు, కానీ కొనుగోలుదారు కొరియర్‌కు ఫోన్ చేసి వేరే చోటికి మళ్లిస్తాడు. అలా మళ్లించిన పార్శిల్‌కు పేపాల్ రక్షణ వర్తించదు. బుక్ చేసేటప్పుడే దారి మార్చవద్దని కొరియర్‌కు చెప్పండి. కొనుగోలుదారు పంపిన లేబుల్ గానీ, అతను కుదిర్చిన కొరియర్ గానీ వాడకండి.

ఆర్డరు పేజీలోని చిరునామానే దొంగది అయితే? అప్పుడు కొన్ని గుర్తులు కలిపి చూడాలి. నిన్న తెరిచిన ఖాతా, ఒకే రోజు మూడు నాలుగు ఖరీదైన వస్తువులు, ఖర్చు అడక్కుండా అన్నిటికన్నా వేగమైన షిప్పింగ్, డెలావేర్‌లోనో ఒరెగాన్‌లోనో మయామీలోనో సరుకును ఇంకో దేశానికి పంపించే గోదాము చిరునామా. వీటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన దొంగ అనుకోకండి. పేర్లు వేరుగా ఉన్నా అంతే: డాలస్‌లో ఉన్న కూతురు న్యూజెర్సీలో ఉన్న తల్లికి చీర పంపిస్తే కొన్నవాళ్ల పేరు, పార్శిల్ మీద పేరు వేరుగానే ఉంటాయి. రెండు మూడు గుర్తులు కలిశాయంటే 48 గంటలు ఆగి, సరుకు గురించి సూటి ప్రశ్న ఒకటి పంపండి: చీరైతే బ్లౌజు గుడ్డ కత్తిరించి పంపాలా, నాణెమైతే ఫ్రేములో పెట్టాలా అని. ఇష్టపడి కొన్నవాళ్లు జవాబిస్తారు. దొంగ మాత్రం ‘ఎప్పుడు పంపుతారు’ అనే అడుగుతాడు.

కార్డు ఫొటో పంపమని అడగాలని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. నకిలీ ఫొటో తయారు చేయడం దొంగకు తేలిక, మంచివాళ్లకేమో అవమానం. మూడంకెల కోడ్ దాచుకోవడం కార్డు భద్రతా ప్రమాణాల ప్రకారమే నిషిద్ధం. నెలరోజులు ఆగి పంపాలన్న సలహా కూడా పనికిరాదు. 120 రోజుల గడువుకు నెల ఏ మూలకు? ఆలస్యమైందని మంచి కొనుగోలుదారు రద్దు చేసుకుంటాడు.

సొంత వెబ్‌సైటులో పాట నడిపేవాళ్లకు పని ఇంకా ఎక్కువ. కార్డు వివరాలు ఈబే అమ్మకందారుకు చూపించదు, మీ గేట్‌వే (మీ సైటు తరఫున కార్డు చెల్లింపులు తీసుకునే సేవ) మాత్రం చిరునామా పరిశీలన ఫలితాన్ని చూపిస్తుంది. కొనుగోలుదారు ఇచ్చిన చిరునామా, బ్యాంకు దగ్గరున్న కార్డు యజమాని చిరునామాతో కలుస్తుందా అన్నదే ఆ పరిశీలన. అది చూసేది ఇంటి నంబరు, పోస్టల్ కోడ్‌లలోని అంకెలనే. రెండూ కలిస్తే ‘వై’, పోస్టల్ కోడ్ మాత్రమే కలిస్తే ‘జెడ్’, ఇంటి నంబరు మాత్రమే కలిస్తే ‘ఏ’, ఏదీ కలవకపోతే ‘ఎన్’. ‘ఎన్’ వస్తే పంపకండి. ఇది ప్రధానంగా అమెరికా, కెనడా, బ్రిటన్ కార్డులకే పనిచేస్తుంది. అందుకే విదేశీ కార్డులన్నిటికీ త్రీ-డీ సెక్యూర్ (మన ఓటీపీలా, కొంటున్నది యజమానేనా అని కార్డు ఇచ్చిన బ్యాంకు సరిచూసే పద్ధతి) ఆన్ చేయించండి. దానితో ధ్రువీకరించిన చెల్లింపును ‘నేను చేయలేదు’ అని యజమాని అన్నా, నష్టం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకే భరిస్తుంది.

సొంత సైటులో అది ఎందుకంత ముఖ్యమంటే, సరుకు చేరిన రుజువు ఒక్కటే కార్డు దొంగతనం ఫిర్యాదును గెలిపించదు. దొంగ వేరే చోట మీ వస్తువునే అమ్మకానికి పెట్టి, నిజమైన మనిషి దగ్గర డబ్బు తీసుకుని, దొంగిలించిన కార్డుతో మీ దగ్గర కొని, నేరుగా ఆ మనిషికే పంపించమంటాడు. పార్శిల్ అందుకున్నవాళ్లకు ఏ పాపం తెలియదు, సంతకం కూడా పెడతారు. కార్డు పోగొట్టుకున్నది మూడో మనిషి, ఆయనకు ఆ సంతకంతో సంబంధం లేదు.

4. పంపడం

ట్రాకింగ్ లేకుండా ఏదీ పంపకండి. స్పీడ్ పోస్ట్ అయితే రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ‘ఐఎన్’ ఉన్న నంబరు ఆర్డరు పేజీలో అదే రోజు ఎక్కించండి. 750 డాలర్లు దాటితే ఈబేలో సంతకం తీసుకునే డెలివరీ తప్పనిసరి. 200 దాటినా పెట్టించండి. తూకం, రసీదు, మూసిన పెట్టె ఫొటోలు ఉంచుకోండి. కస్టమ్స్ కాగితంలో ధర తగ్గించి రాయమంటే రాయకండి. అది చట్టవిరుద్ధం, పైగా రేపు వివాదంలో ఆ తక్కువ ధరే మీకు అడ్డం వస్తుంది.

5. వివాదం వచ్చిందా?

జవాబివ్వడానికి ఈబేలో 5 రోజులు, పేపాల్‌లో సాధారణంగా 10 రోజులు ఉంటాయి. గడువు దాటితే ఓడినట్టే. ఆర్డరు పేజీ, డెలివరీ వివరం, సంతకం, రసీదు, సందేశాలు ఒకే ఫైలుగా జతచేసి, ఏ తేదీన ఏం జరిగిందో ఐదారు వాక్యాల్లో రాయండి. మోసగాణ్ని తిట్టకండి, చదివేవాళ్లకు కావలసింది తేదీలు, నంబర్లే. చార్జ్‌బ్యాక్ నడుస్తుండగా కొనుగోలుదారు ‘మీరు డబ్బిచ్చేయండి, నేను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటా’ అంటే ఇవ్వకండి. మీరు పంపింది ఒకసారి, బ్యాంకు లాక్కున్నది ఒకసారి, మొత్తం రెండుసార్లు పోతుంది. పెద్ద మొత్తమైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, దాన్నీ ఆ ఫైలులో చేర్చండి.