గ్లూటెన్ పడనివాళ్లు జెల్లీలు తినొచ్చా? ప్యాకెట్ చూసి తేల్చుకునే పద్ధతి

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లోని గ్లూటెన్ ప్రోటీన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు సీలియాక్. అది ఉన్న పిల్లలకు బిస్కెట్లు, కేకులు, పూరీలు మానిపించాక పుట్టినరోజు సంచీలో వచ్చిన జెల్లీలు చేతిలో పెట్టాలా, లాక్కోవాలా అని పెద్దవాళ్లు తటపటాయిస్తారు. చాలా రకాలు పెట్టొచ్చు. అయితే ఒకే కంపెనీ చేసిన ఎలుగుబంటి జెల్లీ పనికొచ్చి, దాని పక్కనే వేలాడే పుల్లటి బెల్టు పనికిరాకపోవచ్చు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే కొట్లో నిలబడి రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

మామూలు జెల్లీలో ఉండేవి పంచదార, గ్లూకోజ్ సిరప్, గడ్డకట్టించడానికి జెలటిన్ లేదా పెక్టిన్, పులుపుకి సిట్రిక్ యాసిడ్, రంగు, సువాసన, ఒకదానికొకటి అంటుకోకుండా పైన పల్చటి నూనె లేదా మైనం. వీటిలో గోధుమ, బార్లీ, రై ప్రోటీన్ లేదు. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి, పెక్టిన్ పండ్ల తొక్కల నుంచి వస్తాయి. ఫ్యాక్టరీలో పాకాన్ని పొడి పిండి పరిచిన ట్రేలలో అచ్చు గుంటలు చేసి పోస్తారు. ఆ పిండి మామూలుగా మొక్కజొన్న స్టార్చ్.

అసలు చిక్కు తాడులా, బెల్టులా, రిబ్బన్‌లా, చక్రంలా చుట్టి ఉండే వాటితో. వీటిని అచ్చుల్లో పోయరు, యంత్రంలోంచి నొక్కి పొడవుగా తీస్తారు. అలా తీసిన ముద్ద సాగిపోకుండా నిలబడటానికి, కొరికితే పళ్లకు అతుక్కోకుండా తెగటానికి గోధుమ పిండి కలిపి ఉడికిస్తారు. లికరైస్ (అతిమధురం) రకాల్లో ఇది పాత పద్ధతే. అమెరికాలో దొరికే ట్విజ్లర్స్ అనే తాళ్ల మిఠాయి, హరిబో కంపెనీ వారి నల్లటి లికరైస్ చక్రాల పదార్థాల జాబితాలో గోధుమ పిండి ఉంటుంది. పులుపు పంచదార అద్దిన బెల్టుల్లోనూ ఇది తరచుగా కనిపిస్తుంది. ఆకారం చూసి అనుమానించండి, జాబితా చదివి తేల్చుకోండి.

ప్యాకెట్ చదివే వరుస

ముందుగా 'గ్లూటెన్ ఫ్రీ' అని ఉందేమో చూడండి. మన దేశ ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం ఆ మాట రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. అమెరికా, యూరప్‌లలో కూడా హద్దు అదే. 50 గ్రాముల ప్యాకెట్ మొత్తం తిన్నా ఒంట్లోకి వెళ్లేది 1 మిల్లీగ్రామే, అదీ గరిష్ఠంగా. 'లో గ్లూటెన్' అన్నది వేరే సంగతి: అందులో కిలోకు 20 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, కాబట్టి సీలియాక్ ఉన్నవాళ్లకు వద్దు.

ఆ మాట లేకపోతే పదార్థాల జాబితా చివరికి వెళ్లండి. మన దేశంలో గోధుమ, బార్లీ, రై, ఓట్స్ వాడితే 'కంటైన్స్' అని విడిగా చెప్పాలి. 'కంటైన్స్ వీట్' అని ఉంటే అక్కడే వదిలేయండి, ఇంకో మాట చదవక్కర్లేదు. 'మే కంటైన్ వీట్' అంటే అదే ఫ్యాక్టరీలో గోధుమతో మరొకటి చేస్తున్నారని, అంటుకునే వీలుందని. వేరే రకం దొరుకుతున్నప్పుడు దీన్ని కొనకపోవడమే మంచిది.

తర్వాత జాబితా మొదటి నుంచి చదవండి. ఆగాల్సిన మాటలు: వీట్ ఫ్లోర్, మాల్ట్ (మామూలుగా మొలకెత్తించిన బార్లీ), మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, బార్లీ. అమెరికా ప్యాకెట్లతో మరింత జాగ్రత్త అవసరం. అక్కడి అలర్జీ చట్టం గోధుమను చెప్పి తీరాలంటుంది గానీ బార్లీని, రైని అనదు. కింద ఏ హెచ్చరికా లేకపోయినా మాల్ట్ పైన జాబితాలో కూర్చుని ఉండొచ్చు. 'మాడిఫైడ్ స్టార్చ్' అని మాత్రమే ఉంటే అది మొక్కజొన్నదో, కర్రపెండలానిదో, గోధుమదో ఆ మాటను బట్టి తెలియదు. కింద 'వీట్' హెచ్చరిక ఉందో లేదో చూసి నిర్ణయించాలి. పేరు చూసి భయపడకూడనివి కూడా ఉన్నాయి: మాల్టోడెక్స్‌ట్రిన్, మాల్టిటాల్. పేరులో మాల్ట్ వినిపిస్తుందంతే, బార్లీ మాల్ట్‌తో వీటికి సంబంధం లేదు.

ఆకుపచ్చ చుక్కను నమ్ముకోవద్దు. ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది. ఆ చుక్క శాకాహారమని చెబుతుంది, జెలటిన్ వాడలేదని అర్థం. గోధుమ పిండి కూడా శాకాహారమే కదా! అలాగే దిగుమతి ప్యాకెట్ల మీద అంటించిన స్టిక్కర్‌తో పాటు కింద అచ్చయిన అసలు జాబితాను కూడా చదవండి.

పోయిన నెల చూశాం కదా అని ఈసారి చూడకుండా కొనకండి. కంపెనీలు పదార్థాలు మారుస్తాయి, ఒకే పేరుతో వేర్వేరు దేశాల్లో వేర్వేరు జాబితాలు ఉంటాయి.

గోధుమ నుంచి తీసిన గ్లూకోజ్ సిరప్ సంగతి

విదేశాల్లో ఉన్న మనవాళ్లను బాగా కంగారు పెట్టేది ఇదే. 'గ్లూకోజ్ సిరప్, గోధుమ నుంచి' అని కనిపించగానే ప్యాకెట్ కింద పడేస్తారు. ఈ సిరప్ చేయడానికి ముందు గోధుమ నుంచి స్టార్చ్‌ను వేరుచేసి, ఎంజైమ్‌లతో చక్కెరలుగా విడగొట్టి, వడపోసి శుద్ధి చేస్తారు. ప్రోటీన్ దాదాపు అంతా అక్కడే పోతుంది. అందుకే యూరప్ చట్టం గోధుమ గ్లూకోజ్ సిరప్‌ను, డెక్స్‌ట్రోజ్‌ను అలర్జీ హెచ్చరిక నుంచి మినహాయించింది. సీలియాక్ ఉన్నవాళ్లకు ఈ ఒక్క కారణంతో జెల్లీ మాన్పించనక్కర్లేదు. గోధుమ అలర్జీ మాత్రం వేరే జబ్బు. అది ఉన్నవాళ్లు తమ డాక్టర్‌ని అడక్కుండా తినకూడదు.

విడిగా అమ్మేవి వద్దు

బేకరీ గాజు సీసాల్లో, మాల్స్‌లో గరిటెతో తీసుకునే డబ్బాల్లో ఉన్న జెల్లీలకు జాబితా ఉండదు. ఉన్నా లాభం లేదు: బెల్టుల డబ్బాలో పెట్టిన గరిటే ఎలుగుబంట్ల డబ్బాలోకి వస్తుంది, పైన జల్లిన పిండి రాలి కిందివాటికి అంటుకుంటుంది. బేకరీలో అయితే గాల్లోనే మైదా ఉంటుంది. పుట్టినరోజు సంచీల్లో ప్యాకెట్ లేకుండా వచ్చినవీ ఇంతే. పిల్లలు చిన్నబుచ్చుకోకుండా మార్చి ఇవ్వడానికి ఇంట్లో ఒక సీల్ ప్యాకెట్ ఎప్పుడూ ఉంచుకోండి.

ఇంట్లో చేసుకోవాలంటే

200 మి.లీ. పండ్ల రసం, 30 గ్రాముల జెలటిన్ పొడి, 50 గ్రాముల పంచదార, రెండు చెంచాల నిమ్మరసం తీసుకోండి. సగం చల్లటి రసం మీద జెలటిన్‌ను కొద్దికొద్దిగా చల్లి పది నిమిషాలు వదిలేయండి. ఒకేచోట కుమ్మరిస్తే లోపల పొడి ఉండలు మిగిలిపోతాయి. మిగతా రసంలో పంచదార కరిగించి, వేడిగా ఉండగానే ఇందులో పోసి కలపండి. జెలటిన్ వేశాక మరిగించకండి, పట్టు తగ్గుతుంది. చివర్లో నిమ్మరసం కలిపి, నూనె రాసిన పళ్లెంలో పోసి ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉంచండి. పచ్చి అనాస, బొప్పాయి రసాలతో చేస్తే జెల్లీ గడ్డకట్టదు, వాటిలోని ఎంజైమ్‌లు జెలటిన్‌ను విరగ్గొడతాయి. ఆ రసాలను ముందుగా ఐదు నిమిషాలు మరిగించి చల్లార్చాలి.

శాకాహారులు 250 మి.లీ. రసంలో 5 గ్రాముల అగర్ పొడి (సముద్రపు నాచు నుంచి తీసేది) వేసి మూడు నిమిషాలు బాగా మరగనివ్వండి. దించాకే నిమ్మరసం. ఇది సాగదు, కొరికితే టక్కున తెగుతుంది.

అంటుకోకుండా పైన అద్దడానికి కార్న్‌ఫ్లోర్ సీల్ ప్యాకెట్‌దే వాడండి. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు దాని మీద 'వీటెన్ కార్న్‌ఫ్లోర్' అని ఉందేమో చూడాలి, అది గోధుమ స్టార్చే. పులుపు పంచదార కావాలంటే రెండు పెద్ద చెంచాల పంచదారకు పావు చెంచా నిమ్మ ఉప్పు కలిపి, తినేముందు మాత్రమే దొర్లించండి. ముందే చేస్తే నీరు వదిలి జిగటగా అవుతాయి.

తిన్నాక కడుపు ఉబ్బితే

వెంటనే గ్లూటెన్ మీదికి నెట్టకండి. షుగర్ ఫ్రీ జెల్లీల్లో ఉండే మాల్టిటాల్, సార్బిటాల్ కాస్త ఎక్కువైతే గ్యాస్, విరేచనాలు ఎవరికైనా వస్తాయి. దీనికి వ్యతిరేకమూ ఉంది: గ్లూటెన్ లోపలికి వెళ్లినా కొందరు పిల్లల్లో బయటికి ఏ లక్షణమూ కనిపించదు, పేగు మాత్రం దెబ్బతింటూ ఉంటుంది. కాబట్టి ఏమీ కాలేదు కదా అని ఒక బెల్టు రుచి చూపించి పరీక్షించడం తప్పు. డాక్టర్ చెప్పిన గడువుకు టీటీజీ రక్తపరీక్ష (సీలియాక్ అదుపులో ఉందో లేదో చూసేది) చేయించండి. అందులో వచ్చే అంకె తగ్గకుండా నిలిచిపోతే, ఇంట్లో ఉన్న జెల్లీలు, విటమిన్ గమ్మీల ప్యాకెట్లన్నీ ఖాళీవి కూడా సంచీలో వేసుకుని డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి.