మిద్దె మీద అంజూర: కొత్తవారికి ఎదురయ్యే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో అంజూర చక్కగా బతుకుతుంది. మైసూరు దారిలో శ్రీరంగపట్నం పక్కనున్న గంజాం ఊరి అంజూరకు ఎంతో కాలంగా పేరుంది. అయితే ఇది పుట్టుకతో పడమటి ఆసియా పొడి నేలల చెట్టు. ఇక్కడ మే నెలలో మొదలైన వానలు ఆగుతూ, కురుస్తూ అక్టోబరు దాటేవరకు ఉంటాయి కనుక, మిద్దెతోటల్లో కొత్తవారిని వేధించే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం తడే. అందువల్ల మొక్క నలతగా కనిపించగానే నీళ్ల మగ్గు అందుకోకుండా, ముందుగా మట్టిని, ఆకు అడుగుభాగాన్ని పరిశీలించాలని నా మనవి.

సమస్య: నాటిన కొమ్మ చిగురించి, కొన్నాళ్లకే వాడిపోయింది

కొమ్మలో దాచుకున్న పిండిపదార్థంతోనే తొలి చిగుళ్లు వస్తాయి. వాటిని చూసి వేరు పట్టిందనుకుని నీళ్లు పెంచితే, ఇంకా వేరే లేని కొమ్మ అడుగు నుంచి కుళ్లిపోతుంది. నేను మొదటిసారి ఆరు కొమ్మలను ఒట్టి కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) నాటి రోజూ నీళ్లు పోశాను. ఆరూ చిగురించాయి, మూడో వారానికి ఆరూ తలలు వాల్చాయి. ఒకదాన్ని పైకి లాగి చూస్తే అడుగున రెండంగుళాల మేర నల్లబడి ఉంది. వేలితో తాకగానే బెరడు జారి ఊడివచ్చింది, పుల్లటి వాసన వేసింది. వేరు ఒక్కటీ లేదు.

పరిష్కారం నాటే ముందే మొదలవుతుంది. చెట్టు ఆకు రాల్చే డిసెంబరు, ఫిబ్రవరి నెలల మధ్య, కిందటి ఏడాది పెరిగి గోధుమరంగుకు తిరిగిన, పెన్సిలంత లావు కొమ్మను 20 నుంచి 25 సెంటీమీటర్ల పొడవున, కింది కోత కణుపుకు సరిగ్గా దిగువన పడేటట్లు కోయాలి. కోతలో ఊరే పాలు ఆరనివ్వాలి. ఆ పాలు చర్మానికి అంటి, ఆపైన ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి కనుక చేతికి తొడుగు వేసుకోవడం అవసరం. ఇసుక, ఎర్రమట్టి సమంగా కలిపి, అడుగున రంధ్రాలు పెట్టిన పారదర్శక ప్లాస్టిక్ గ్లాసులో మూడింట రెండు వంతుల కొమ్మ లోపల ఉండేటట్లు నాటి, నీడలో ఉంచి, పైమట్టి ఆరినప్పుడే తడపాలి. నెల, రెండు నెలల్లో గ్లాసు గోడకు ఆనుకుని తెల్లటి వేళ్లు దారాల్లా కనిపిస్తాయి. అవి కంటపడేవరకు కొమ్మను కదిలించవద్దు, ఎరువు వేయవద్దు.

సమస్య: ఆకులు పసుపుపచ్చగా మారి రాలుతున్నాయి

చలికాలంలో కింది ఆకులు రాలితే అది చెట్టు విశ్రాంతి మాత్రమే, కంగారు పడనక్కరలేదు. మిగతా కాలాల్లో అయితే వేలిని రెండంగుళాల లోతుకు గుచ్చి చూడండి. లోపల తడిగా ఉండీ ఆకు పండిపోతుంటే కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందని అర్థం. కుండీని నేలకు ఆనకుండా ఇటుకల మీదికి ఎత్తి, రంధ్రం తెరిచి, మట్టి ఆరేవరకు నీళ్లు ఆపాలి. ఆకు అంచులు మాత్రమే మాడి, కుండీ అంచున తెల్లటి పొర పేరుకుంటే అది బోరు నీళ్ల ఉప్పు. ట్యాంకరు నీళ్ల మీద ఆధారపడే ఇళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. పట్టి ఉంచిన వాన నీళ్లను అడుగు నుంచి ధారగా కారిపోయేటంతగా పోస్తే ఆ ఉప్పు కడుక్కుపోతుంది.

సమస్య: ఆకు అడుగున తుప్పు రంగు పొడి

బెంగళూరు వానల్లో అంజూరను అన్నింటికంటే ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. ఆకు పైన చిన్న పసుపు చుక్కలు కనిపిస్తాయి. తిప్పి చూస్తే అడుగున గోధుమరంగు పొక్కులు ఉంటాయి. వేలితో రాస్తే పొడి అంటుకుంటుంది. కొద్ది వారాల్లో చెట్టు బోడిగా మిగలవచ్చు. దీనికి కారణం సెరోటీలియం ఫిసి అనే శిలీంధ్రం. దాని బీజాలు గాలికి ఎగిరి వచ్చి, ఆకు మీద తడి నిలిచినప్పుడు మొలకెత్తుతాయి.

ఒకసారి వచ్చిన మచ్చను ఏ మందూ చెరపలేదు. కొత్త ఆకులను కాపాడుకోవడమే మన చేతిలో ఉన్నది. రాలిన ఆకులను ఏరోజుకారోజు ఏరి చెత్తలో పారవేయాలి తప్ప కంపోస్టులో కలపకూడదు. లోపలికి పెరిగే కొమ్మలను తీసివేసి గాలి ఆడనివ్వాలి, నీళ్లు కాండం మొదట్లోనే పోయాలి. లీటరు నీటికి 10 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 10 గ్రాముల సున్నం చొప్పున ప్లాస్టిక్ పాత్రలో కలిపిన ఒక శాతం బోర్డో మిశ్రమాన్ని, వానలు మొదలయ్యే ముందు, మధ్యలో ఎండ కాసిన రోజుల్లో ఆకు అడుగుకు తగిలేటట్లు పిచికారీ చేయాలి. కాయ పండుతున్నప్పుడు మాత్రం కొట్టవద్దు.

సమస్య: పిందెలు రాలిపోతున్నాయి, లేదా పండు రుచిగా లేదు

ఎండు అంజూర గింజలు చల్లి పెంచిన మొక్కయితే ఆశ పెట్టుకోవద్దు. గింజ మొక్కల్లో మగ జాతివీ, ప్రత్యేకమైన కందిరీగ లోపలికి దూరి పరాగసంపర్కం చేస్తే తప్ప కాయ నిలవనివీ చాలా ఉంటాయి. పూనా, బ్రౌన్ టర్కీ, డయానా వంటి రకాలకు కందిరీగతో పని లేదు. మేడిపండు పొట్టలో పురుగుల సామెత తలచుకుని అంజూర కోయడానికి సందేహించేవారు ఈ విషయం తెలిస్తే నిశ్చింతగా తినగలరు. మంచి రకమై ఉండీ పిందె రాలుతుంటే, నాలుగు రోజులు ఎండగట్టి ఐదో రోజు ముంచెత్తడమో, నత్రజని ఎరువు అతిగా వేయడమో కారణమై ఉంటుంది.

చప్పదనానికి ముఖ్య కారణం తొందరపాటు. అరటిలాగా అంజూర కోసిన తరువాత పండదు. మెడ వాలి, కాయ వేలాడుతూ, మెత్తబడి, తొడిమ తుంచినప్పుడు పాలు కారకుండా ఉన్నప్పుడే కోయాలి. పిట్టలు ముందే పసిగడతాయి కనుక పిందె రంగు తిరగగానే వలగుడ్డ సంచి కట్టండి. వానలో పండినవి పగిలి పులిసిపోతాయి. పుణె రైతులు వానకాలపు కాపును ఖట్టా (పుల్లని) బహార్ అనీ, వేసవి కాపును మీఠా (తియ్యని) బహార్ అనీ పిలవడం ఇందుకే. వానలు వెనకబట్టాక కొమ్మలను కత్తిరిస్తే, కొత్త రెమ్మల మీది కాయలు ఎండాకాలంలో పండుతాయి.

సమస్య: కాండం మొదట్లో రంపపు పొట్టు, లేదా ఆకుల మీద చారలు

పొట్టు రాలితే కాండం తొలిచే పురుగు లోపల ఉన్నట్టు. రంధ్రంలోకి సన్నని తీగ దూర్చి పురుగును చంపి, బంకమట్టితో పూడ్చాలి.

ఆకు ముదురుపచ్చ, లేతపసుపు పాయలుగా విడిపోయి వంకర తిరిగితే అది మొజాయిక్ వైరస్. కంటికి ఆనని నల్లి (మైట్) ద్వారానూ, అంతకన్నా ఎక్కువగా కోసి నాటే కొమ్మల ద్వారానూ పాకుతుంది. దీనికి మందు లేదు. ఎండ, ఎరువు సరిగా అందే మొక్క ఈ వైరస్‌తోనే కాయవచ్చు గనుక పీకి పారేయనక్కరలేదు. పక్కింటివారు ఎంత ప్రేమగా అడిగినా ఆ మొక్క కొమ్మను మాత్రం ఇవ్వకండి, ఎందుకు ఇవ్వడం లేదో ఆకు చూపించి చెప్పండి.