తెలుగు డిజైనరు ఫాంట్ మేనేజరును ఎంచుకునే ముందు

తెలుగులో పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు రూపొందించేవారి కంప్యూటర్లో రెండు తరాల ఫాంట్లు పక్కపక్కనే ఉంటాయి. పేజ్‌మేకర్ అనే పాత పుట కూర్పు సాఫ్ట్‌వేర్ కాలం నాటి అను, శ్రీలిపి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి ఉంటాయి. మండలి, రామభద్ర, సూరన్న, నోటో సెరిఫ్ తెలుగు వంటివి యూనికోడ్ ఫాంట్లు, అంటే తెలుగు అక్షరాలకు వాటి సొంత స్థానాలే ఉన్నవి. ఫాంట్లను చూపించి, పనిని బట్టి ఆన్, ఆఫ్ చేసే సాఫ్ట్‌వేరే ఫాంట్ మేనేజరు. ఈ రెండు తరాలనూ విడదీసి చూపలేని మేనేజరు మనకు పనికిరాదు.

అందుకే మొదట నమూనా పాఠాన్ని పరీక్షించండి. మనకు నచ్చిన పాఠాన్ని టైపు చేసి చూసే వీలు అందులో ఉండాలి. 'స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, సాఫ్ట్‌వేర్' అని యూనికోడ్‌లో టైపు చేస్తే ఒత్తులు ఎలా కూర్చుంటున్నాయో, పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులకు తగులుతున్నాయో లేదో తెలిసిపోతుంది. అయితే పాత ఫాంటు మీద అదే పాఠం పెడితే, ఆ ఫాంటులో యూనికోడ్ తెలుగు లేదు కాబట్టి విండోస్ తన సొంత ఫాంటు నిర్మలా యూఐతో ఆ ఖాళీని నింపవచ్చు. వరుసగా పది ఫాంట్లు ఒకేలా కనిపించాయంటే కారణం ఇదే. పాత ఫాంట్లను ఇంగ్లీషు అక్షరాల నమూనాతోనే చూసి, వాటికి వేరే సెట్టు కట్టుకోవాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మాత్రం నకళ్ల సమస్య. ఒక పుస్తకం చివరి ప్రూఫు అయిపోయాక వేరే కంప్యూటర్లో తెరిస్తే, ఫాంటు పేరు అదే అయినా పంక్తులు కదిలి, విషయసూచికలోని పుటసంఖ్యలన్నీ తప్పాయి. ఒకే అంతర్గత పేరుతో (ఫాంటు ఫైలు లోపల నమోదై ఉండే పేరు) రెండు వెర్షన్లు ఉండడమూ, వాటి అక్షరాల వెడల్పులు కొద్దిగా తేడాగా ఉండడమూ అందుకు కారణం. కాబట్టి మేనేజరు ఫైలు పేరును కాక అంతర్గత పేరును, వెర్షన్ సంఖ్యను, ఫైలున్న ఫోల్డరును కలిపి చూపాలి. నకలును చెరిపేయకుండా పక్కన పెట్టగలగాలి.

ఫాంట్లన్నింటినీ విండోస్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా, పనిని బట్టి సెట్టును ఆన్, ఆఫ్ చేసుకోవడం మేలు. ఉచితంగా దొరికే నెక్సస్‌ఫాంట్ ఈ పనికి చాలు. ఫైలు తెరవగానే ఫాంటును తానే ఆన్ చేసే సౌకర్యం మంచిదే కానీ, పేరొక్కటే చూసి ఏదో ఒక వెర్షన్‌ను తెచ్చి పెడితే కష్టం. పుటలు కూర్చే ఇన్‌డిజైన్‌లో ప్యాకేజీ చేసినప్పుడు, అంటే ఫైలును దాని ఫాంట్లు, బొమ్మలతో ఒకచోట చేర్చినప్పుడు, ఏర్పడే 'డాక్యుమెంట్ ఫాంట్స్' ఫోల్డరును ఎప్పుడూ ఫైలుతోనే ఉంచండి.

ప్రతి ఫాంటుకూ లైసెన్సు వివరం రాసుకునే చోటు కూడా ఉండాలి. మండలి, రామభద్ర ఉచితంగా వాడుకుని పంచుకోనిచ్చే ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి కనుక ప్రెస్సుకు నిశ్చింతగా ఇవ్వవచ్చు. కొన్న ఫాంట్ల సంగతి వేరు. టైప్ 1 అనే పాత పద్ధతి ఫాంట్లుంటే వాటినీ మేనేజరు గుర్తుపట్టి చూపాలి, ఎందుకంటే 2023 జనవరితో అడోబీ వాటికి మద్దతు ఆపేసింది.

డబ్బు కట్టే ముందు, అచ్చయిన ఒక పాత పుస్తకం ఫైలును కొత్త మేనేజరుతో తెరిచి, చివరి పుటలోని చివరి పంక్తి అచ్చు ప్రతిలో ఉన్నచోటే ఉందో లేదో పోల్చి చూడండి.