ఇంగ్లీషు వ్యాకరణం, 14వ పాఠం: ‘ఎక్కడున్నాడో తెలియదు’ అని చెప్పడం ఎలా?

పోయిన పాఠంలో ‘అని’ సంగతి చూశాం. ‘వాడు పాసయ్యాడని నాకు తెలుసు’ అన్నప్పుడు ఆ ‘అని’ చేసే పనిని ఇంగ్లీషులో ‘దట్’ చేస్తుంది: ‘ఐ నో దట్ హి పాస్డ్.’ మాట్లాడేటప్పుడు ఆ ‘దట్’ని మింగేసినా ఎవరూ ఏమీ అనుకోరు. నామవాచకం ఉండాల్సిన చోట కర్త, క్రియ ఉన్న చిన్న వాక్యమే వచ్చి కూర్చుంటే దాన్ని నౌన్ క్లాజ్ అంటారని కూడా చెప్పుకున్నాం. ఇవాళ ప్రశ్న పదాలతో మొదలయ్యే నౌన్ క్లాజులు చూద్దాం. మనవాళ్లు ఎక్కువగా తప్పులు చేసేది ఇక్కడే.

ఈ రెండూ పైకి చదవండి.

వాడు ఎక్కడ ఉన్నాడు?
వాడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలుసు.

తేడా అంతా ఆ ‘ఓ’లో ఉంది. అది చేరగానే ప్రశ్న కాస్తా నాకు తెలిసిన ఒక సంగతి అయిపోయింది. మాటల వరస మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. ఇంగ్లీషులో ఇలాంటి ప్రత్యయం లేదు కాబట్టి అది మాటల వరస మార్చి ఆ పని చేసుకుంటుంది. ‘వేర్ ఈజ్ హి?’ అనేది ప్రశ్న. ‘ఐ నో వేర్ హి ఈజ్’ అన్నప్పుడు కర్త ముందుకొచ్చింది, క్రియ వెనక్కి వెళ్లింది. మనం వరస మార్చే అలవాటు లేనివాళ్లం కాబట్టి ప్రశ్నను ఉన్నదున్నట్టు తెచ్చి ‘ఐ నో వేర్ ఈజ్ హి’ అనేస్తాం.

అందుకని మీరు చెప్పాలనుకున్నది ముందు తెలుగులో అనుకోండి. అందులో ‘ఓ’ వినిపిస్తే ప్రశ్న వరస వదిలేసి, కర్త తర్వాతే క్రియ పెట్టండి.

‘డు, డజ్, డిడ్’ ఉన్న ప్రశ్నలు ఇంకాస్త ఇబ్బంది పెడతాయి. ‘వేర్ డజ్ షి వర్క్?’ అనే ప్రశ్నను తీసుకోండి. నౌన్ క్లాజ్‌గా మార్చేటప్పుడు ‘డజ్’ పూర్తిగా పోవాలి. పోతూ పోతూ అది మోస్తున్న ‘ఎస్’ని అసలు క్రియకు అప్పగించి పోతుంది: ‘ఐ నో వేర్ షి వర్క్స్.’ ‘డిడ్’ అయితే భూతకాలాన్ని అప్పగిస్తుంది. ‘వాట్ డిడ్ హి సే?’ కాస్తా ‘ఐ డోంట్ నో వాట్ హి సెడ్’ అవుతుంది. ‘డజ్’ తీసేసి ‘ఎస్’ మరిచిపోవడం, ‘డిడ్’ తీసేసి ‘సే’ని అలాగే ఉంచేయడం, ఈ రెండూ మామూలుగా కనిపించే తప్పులు.

‘హు కేమ్?’, ‘వాట్ హ్యాపెండ్?’ లాంటివాటితో ఏ గొడవా లేదు. అక్కడ ప్రశ్న పదమే కర్త. ‘టెల్ మి వాట్ హ్యాపెండ్’ అంటే సరిపోతుంది.

మర్యాదగా అడిగేటప్పుడు కూడా ఇదే సూత్రం. స్టేషన్లో ‘కెన్ యు టెల్ మి వెన్ డజ్ ద ట్రైన్ లీవ్?’ అని అడిగితే జవాబు దొరుకుతుంది, రైలూ దొరుకుతుంది. మాటల్లో దీనికి టెన్షన్ పడక్కర్లేదనే నేనంటాను. కానీ పోటీ పరీక్షలో తప్పు కనిపెట్టమని ఇచ్చే వాక్యాల్లో ఇలాంటిది వస్తే మార్కు పోతుంది. ‘వెన్ ద ట్రైన్ లీవ్స్’ అనాలి. ‘కెన్ యు’ అని బయటి వాక్యం అడుగుతోంది కాబట్టి చివర ప్రశ్నార్థకం ఉంటుంది. ‘ఐ డోంట్ నో’తో మొదలైతే ఫుల్‌స్టాపే.

ఇక ‘వస్తాడో రాడో తెలియదు’. దీన్ని చాలామంది ‘హి విల్ కమ్ ఆర్ నాట్, ఐ డోంట్ నో’ అంటారు. తెలుగు వరసలో ఇంగ్లీషు మాటలు పేర్చడమే ఇది. ఇలా రెండు ‘ఓ’లు పక్కపక్కన వస్తే ఇంగ్లీషులో ‘వెదర్’ కావాలి: ‘ఐ డోంట్ నో వెదర్ హి విల్ కమ్.’ ఇక్కడ ‘ఇఫ్’ అన్నా తప్పు కాదు. అయితే క్లాజ్ వాక్యం మొదట్లో కర్తగా వచ్చినా, ‘అబౌట్’ లాంటి మాట తర్వాత వచ్చినా ‘వెదర్’ వాడటమే మంచిది.

‘ఇఫ్’తో ఒక చిక్కుంది. ‘లెట్ మి నో ఇఫ్ యు నీడ్ మనీ’ అని స్నేహితుడు మెసేజ్ పెట్టాడనుకోండి. ‘డబ్బు కావాలంటే చెప్పు’ అనుకోవచ్చు. అప్పుడు అక్కర్లేకపోతే ఊరుకోవచ్చు. ‘కావాలో వద్దో చెప్పు’ అనుకుంటే మాత్రం ఏదో ఒక జవాబు ఇచ్చి తీరాలి. రెండోదే నౌన్ క్లాజ్. ‘వెదర్’ అని రాసి ఉంటే ఈ అనుమానమే రాదు.

ఈ నాలుగూ ఇంగ్లీషులో రాయండి. జవాబులు వచ్చే పాఠంలో.

ఆమె ఎందుకు ఏడ్చిందో నాకు తెలియదు.
ఈ బస్సు ఎక్కడికి వెళ్తుందో చెప్పగలరా?
షాపు తెరిచి ఉందో లేదో కనుక్కో.
ఈ కుండ ఎవరు పగలగొట్టారో నాకు తెలుసు.